ఇద్దరికి, తక్కువ ఖర్చులో సముద్రం: విశాఖా, పూరీయా, గోపాల్‌పూరా?

ఇద్దరం, నాలుగు రోజులు, చేతిలో డబ్బు అంతంతమాత్రం, రోజూ సముద్రం కనబడాలి. పెళ్ళయిన కొత్తలో మావారూ నేనూ ఇలాగే లెక్కలు వేసుకుని విశాఖ వెళ్ళాం. తర్వాతి ఏళ్ళలో ఒడిశాలోని పూరీ, గోపాల్‌పూర్ కూడా చూసొచ్చాం. మూడూ బంగాళాఖాతం ఒడ్డువే. మూడింటికీ స్లీపర్ క్లాసులో హాయిగా పోవచ్చు. ఖర్చు మాత్రం మూడుచోట్లా మూడు రకాలు.

ఎవరైనా ముందు గది అద్దె చూసుకుంటారు. మా పర్సు ఖాళీ చేసింది మాత్రం గది కాదు, బండి. ఆటోకైనా కారుకైనా పడవకైనా మనిషికింతని కాదు, బండికింతని తీసుకుంటారు. నలుగురైదుగురు పంచుకోవాల్సిన డబ్బు ఇద్దరమే పెట్టుకోవాలి. అందుకే ఊరు ఎంచుకునేటప్పుడు నేను ముందు అడిగేది, అక్కణ్ణుంచి తీరం వెంట బస్సు ఎందాకా పోతుందని.

అలా చూస్తే విశాఖను మించింది లేదు. బీచ్ రోడ్డు మీదుగా భీమిలి పోయే సిటీ బస్సెక్కి కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే చాలు. కైలాసగిరి దాటాక ఒకవైపు కొండలు, ఒకవైపు నీళ్ళు, మధ్యలో మన బస్సు. రుషికొండలో దిగి ఓ గంట కూర్చోవడం, మళ్ళీ ఇంకో బస్సెక్కడం. తొట్లకొండకు రోడ్డు మీద దిగి పైకి నడవాలి. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే దానికా పేరు. సుమారు రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులున్న చోటు. ఇటుక పునాదుల మధ్య నిలబడి కిందికి చూస్తే సముద్రం పరిచిన చాపలా కనబడుతుంది. వాళ్ళు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎర్రమట్టి దిబ్బలకు మాత్రం ఎండ తగ్గాకే వెళ్ళండి. సాయంత్రం వెలుగులో ఆ మట్టి రంగు నిమిష నిమిషానికీ మారుతుంది. చివర భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ళ పాత సమాధులు. ఇదంతా ఒక్క రోజులో, బస్సు టికెట్ల మీదే అయిపోతుంది.

విశాఖలో చిక్కల్లా బసతోనే. సముద్రానికి ఎదురుగా ఉన్న గది మన బడ్జెట్‌కు అందదు. మేం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగాం, ఏ బస్సుకైనా అదే వీలు. ఆర్కే బీచ్‌లో స్నానానికి దిగొద్దు. అక్కడ లోతు ఉన్నట్టుండి పెరుగుతుంది, లోపలికి లాగుతుంది కూడా. ఎదురుగా కురుసుర జలాంతర్గామి ఉంది కదా, ఆ టికెట్ డబ్బు దండగ కాదు. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన ఓడ అది. లోపల నావికులు పడుకునే అరలు చూశాక మా చిన్న హోటల్ గది మహారాజులదనిపించింది.

పూరీలో సముద్రం చూస్తూ పడుకునే గది సామాన్యులకూ దొరుకుతుంది. అయితే బుక్ చేసేముందు చెక్ అవుట్ ఎన్నింటికో అడగండి. అక్కడ చాలా హోటళ్ళలో ఉదయం ఎనిమిదికే గది ఖాళీ చేయాలి. మధ్యాహ్నం దాకా ఉండొచ్చనుకుంటే ఇంకో రోజు అద్దె పడుతుంది. మాకు పడింది. తిండికి మాత్రం బెంగ లేదు. గుడి ఆవరణలో ఆనంద్ బజార్ ఉంది, కుండల్లో వండిన మహాప్రసాదం అక్కడ దొరుకుతుంది. నేల మీద కూర్చుని ఆకులో వేడి అన్నం, పప్పు కలుపుకుని ఇద్దరం తిన్న భోజనం నాకిప్పటికీ గుర్తు.

కోణార్క్ 35 కిలోమీటర్లు, బస్సులున్నాయి. దారంతా సరుగుడు తోటలే. రాతి చక్రాలు తీరిగ్గా చూసి, మూడు కిలోమీటర్ల దూరంలో చంద్రభాగ తీరానికి వెళ్ళొచ్చు. సాతపడా సంగతి వేరు. అక్కడ చిలిక సరస్సులో ఇరావడి డాల్ఫిన్లను చూపించే పడవ మొత్తాన్నీ మాట్లాడుకోవాలన్నారు. ఒడ్డునే అరగంట నిలబడి, అటుగా వచ్చిన ఇంకో కుటుంబంతో కలిసి ఎక్కాం. అలా కలవకపోతే వెనక్కి వచ్చేసేవాళ్ళం.

మన తెలుగువాళ్ళకు పూరీలో ఇంకో సుఖం ఉంది. మొనదేలిన టోపీలు పెట్టుకుని అలల్లో చెయ్యి పట్టి స్నానం చేయించే నులియాలు ఇళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళే, అక్కడి పెంటకోట జాలరిపల్లె వాళ్ళు. అల పెద్దదొస్తున్నప్పుడు ‘కూర్చో అమ్మా, కూర్చో’ అని వినబడేసరికి నాకు సగం భయం పోయింది.

గోపాల్‌పూర్‌కు బ్రహ్మపురం (బరంపురం) స్టేషన్లో దిగి సుమారు 16 కిలోమీటర్లు పోవాలి. చూడాల్సినవి తక్కువే. దీపస్తంభం, తీరాన శిథిలమైన పాత గోడలు, సాయంత్రం వలలు లాగే జాలర్లు. బర్మాకు కూలి పనులకు మనవాళ్ళు ఓడలెక్కిన రేవు ఇది. ఇప్పుడు ఆ సందడేమీ లేదు. ఋషికుల్య నది కలిసే చోటికీ, చిలిక దక్షిణపు కొసన రంభకూ వెళ్ళాలంటే ఆటో మాట్లాడుకోక తప్పదు. మిగిలిన రోజులు ఒడ్డున కూర్చునేవాళ్ళయితే మూడింటిలో ఇదే చవక.

నన్నడిగితే, మొదటిసారి వెళ్ళేవాళ్ళకు, రోజుకో చోటు తిరగాలనుకునేవాళ్ళకు విశాఖ. గుడి, భోజనం, సముద్రం మూడూ కావాలనుకుంటే పూరీ, అదీ రథయాత్ర రోజులూ దసరా సెలవులూ తప్పించి. మాటలు మిగిలిపోయిన జంటకు గోపాల్‌పూర్. ఏడాదంతా ఇంట్లో మనం మాట్లాడుకునేది పాలవాడి లెక్కలూ కరెంటు బిల్లులే కదా. అక్కడ రెండో రోజుకే అవన్నీ అయిపోయి అసలు మాటలు మొదలయ్యాయి మాకు.

ఎక్కడికైనా అక్టోబరు, నవంబరుల్లో మాత్రం ముందే డబ్బు కట్టేయకండి. అవి తుపాన్ల నెలలు. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టింది. పూరీని 2019 మే నెలలో ఫణి కొట్టింది, కాబట్టి వేసవిలోనూ వాతావరణ హెచ్చరికలు చూసుకోవాలి. జనవరి, ఫిబ్రవరుల్లో దాదాపు నిశ్చింత. ఫిబ్రవరి ఆఖర్లో, మార్చిలో ఋషికుల్య దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వేలల్లో ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. కొన్నేళ్ళు అలా గుంపుగా రావు. మేం వెళ్ళినప్పుడు రాలేదు. అందుకే మళ్ళీ గోపాల్‌పూర్‌కే టికెట్లు తీశాం.