సెన్సార్ ఉన్నా గ్లూకోమీటర్ పక్కన పెట్టలేదు

చేతికి షుగర్ సెన్సార్ (చర్మానికి అతికించుకుంటే రోజంతా గ్లూకోజ్ చూపిస్తూ ఉండే పరికరం) ఉండగా ఇంకా గ్లూకోమీటర్ కోసం వేలు గుచ్చుకోవడం ఎందుకని చూసినవాళ్లంతా అడుగుతుంటారు. నేను ఇన్సులిన్ మీద ఉన్నాను, కొన్నేళ్లుగా రెండూ వాడుతున్నాను. ఒకప్పుడు రోజుకు ఐదారుసార్లు గుచ్చుకునేదాన్ని. ఇప్పుడు చాలా రోజులు ఆ అవసరమే రాదు, కొన్ని సందర్భాల్లో మాత్రం తప్పదు. ఆ సందర్భాలేవో తెలిస్తే సెన్సార్‌తో పేచీ ఉండదు.

ముందు దాని గొప్పతనం చెప్పాలి. గ్లూకోమీటర్ 120 అంటే బాగానే ఉందనుకుంటాం. ఆ 120 నిలకడగా ఉందా, గబగబా పడిపోతూ అక్కడికి వచ్చిందా అన్నది మీటర్ చెప్పలేదు. సెన్సార్‌లో అంకె పక్కనే బాణం ఉంటుంది. అది నిట్టనిలువుగా కిందికి చూపిస్తుంటే 120 ఉన్నా సరే, నేను బండి తీయను. నన్నడిగితే పెట్టిన డబ్బంతా ఆ బాణానికే. ఇక రాత్రి గ్రాఫ్. పరగడుపున షుగర్ ఎక్కువొస్తే రాత్రి భోజనాన్ని తిట్టుకోవడం మామూలే. నా గీత మాత్రం రాత్రంతా తిన్నగా ఉండి, తెల్లవారుజామున ఎక్కడం మొదలుపెట్టేది. ఆ వేళకు పెరిగే హార్మోన్ల వల్ల కాలేయం గ్లూకోజ్ వదులుతుందని చెప్పి, డాక్టర్‌గారు బేసల్ ఇన్సులిన్ (రోజంతా నెమ్మదిగా పనిచేసేది) డోసు మార్చారు.

సెన్సార్ కొలిచేది రక్తంలోని గ్లూకోజ్ కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలోది. రక్తంలో వచ్చిన మార్పు అక్కడ కనిపించడానికి ఐదు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. షుగర్ నిలకడగా ఉన్నప్పుడు ఈ ఆలస్యం లెక్కలోకి రాదు. షుగర్ ‘లో’ అయినప్పుడే, అంటే బాగా పడిపోయినప్పుడే చిక్కు. ఒకసారి 62 చూపించింది, చేతులు వణుకుతున్నాయి, 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకున్నాను. పావుగంటకు వణుకు తగ్గింది కానీ సెన్సార్ ఇంకా 58 అంటోంది. వేలు గుచ్చి చూస్తే 84. సెన్సార్ మాట విని మళ్లీ తింటే, గంట తర్వాత షుగర్ ఎక్కడుంటుందో చెప్పక్కర్లేదు. అందుకే లో తర్వాత రెండోసారి తినాలా వద్దా అన్నది నేను మీటర్‌నే అడుగుతాను.

సెన్సార్ ఉన్న చెయ్యి మీద ఒత్తిగిలి పడుకున్నా దొంగ లో వస్తుంది. ఆ ఒత్తిడికి రీడింగ్ పడిపోయి అర్ధరాత్రి అలారం మోగుతుంది. పక్కకు తిరిగితే కాసేపటికి సర్దుకుంటుంది. అలాగని ప్రతి రాత్రి అలారాన్నీ అదే అనుకోకూడదు. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి లో అయినా లక్షణాలు తెలియవు. లేచి వేలు గుచ్చుకోవడమే మేలు. కొత్త సెన్సార్ పెట్టిన మొదటి రోజూ అంతే, ఇన్సులిన్ వేసుకునే ముందు మీటర్‌లో చూస్తాను.

రెండు అంకెలూ కలవడం లేదని టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట. మీటరూ దేవుడు కాదు. గ్లూకోమీటర్లకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15197:2013 ప్రకారం 100, ఆపైన ఉన్న రీడింగుల్లో 15 శాతం తేడా వచ్చినా మీటర్ పాసైనట్టే. అసలు 200 ఉంటే అది 170 అనొచ్చు, 230 అనొచ్చు. సెన్సార్ 138, మీటర్ 151 అంటే నా దృష్టిలో రెండూ ఒకటే. పండు ఒలిచిన చేత్తో గుచ్చుకుంటే మాత్రం ఎంతైనా చూపిస్తుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే చాలదు, సబ్బుతో కడిగి తడి లేకుండా ఆరాక గుచ్చుకోవాలి. వేలి కొన మధ్యలో కాకుండా పక్కన గుచ్చుకుంటే నొప్పి తక్కువ. విటమిన్ సి మాత్రలు పెద్ద మోతాదులో వేసుకుంటే కొన్ని సెన్సార్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి, ఆ సంగతి పెట్టెలోని కాగితంలోనే ఉంటుంది.

ఫిర్యాదులు లేకపోలేదు. జిగురు కింద దురద వస్తుంది, చేతులు మార్చి పెట్టుకుంటే కొంత నయం. తలుపు అంచుకు తగిలి గడువుకు ముందే ఊడినవీ ఉన్నాయి. హై అలారం 180 దగ్గర పెడితే తిన్న ప్రతిసారీ మోగి ప్రాణం తీస్తుంది, నాది 250కి జరిపాను. లో అలారం జోలికి మాత్రం పోలేదు.

ఇన్సులిన్ వాడేవాళ్లు సెన్సార్‌కు డబ్బు పెట్టొచ్చు. మాత్రలతో షుగర్ నిలకడగా ఉన్నవాళ్లకు ఎప్పుడైనా ఒకటి పెట్టించుకుని చూస్తే చాలనిపిస్తుంది. ఒకటి గమనించండి, సెన్సార్ వచ్చాక స్ట్రిప్పుల వాడకం తగ్గి డబ్బా నెలల తరబడి అలాగే పడి ఉంటుంది. మూత బిగించి ఉంచండి, గుచ్చుకునే ముందు గడువు తేదీ చూసుకోండి.