చెన్నై వానలో మూడు రోజులు, అమ్మ చూసిన అమరావతి

నవంబరులో చెన్నై వెళ్లొద్దని ఇంట్లో అందరూ అన్నారు. మనకు జూన్‌లో మొదలయ్యే వానలు అక్కడ పెద్దగా పడవు. చెన్నైకి అసలు వానాకాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. కానీ అమ్మ కంటి పరీక్షకు ఆ వారంలోనే అపాయింట్‌మెంట్ దొరికింది. గురువారం ఆ పని అయిపోయింది. మిగిలిన మూడు రోజులు మెరీనా, మహాబలిపురం చూపిస్తానని ఎనిమిదేళ్ల మా బాబుకు మాటిచ్చాను. శుక్రవారం తెల్లవారుజామున మొదలైన వాన ఆదివారం దాకా తెరిపివ్వలేదు.

ఎగ్మోర్ స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. మాకిచ్చిన గది గోడ చెమ్మగా ఉంది, దుప్పట్లకు ముక్కిన వాసన. గట్టిగా అడిగితే గానీ పై అంతస్తులో వేరే గది ఇవ్వలేదు. వానాకాలంలో చెన్నై వెళ్లేవాళ్లు డబ్బు కట్టకముందే గది చూడండి, గోడ మీద చెయ్యి పెట్టి మరీ చూడండి. కరెంటు పోతే జనరేటరు ఉందో లేదో కూడా అడగండి. గది సంగతి ఎలా ఉన్నా, ఎగ్మోర్‌లో ఉండటం మాత్రం మంచిదైంది. లోకల్ రైలు, మెట్రో రెండూ దగ్గరే. వానలో ఆటోవాళ్లు రెండడుగుల దూరానికి కూడా మూడు వందలు అడుగుతారు. మమ్మల్ని అడిగారు.

శుక్రవారం ఎగ్మోర్ మ్యూజియానికి సెలవు. ఇది తెలియక ఎంతోమంది గేటు దాకా వెళ్లి వెనక్కి వస్తారు. అందుకని ఆ రోజు టి.నగర్ వెళ్లాం, అమ్మకు చీరలంటే ప్రాణం కదా. టి.నగర్ చుట్టుపక్కల రైలు పట్టాల కింద నుంచి వెళ్లే రోడ్లు, అంటే సబ్‌వేలు, వానకు నిండిపోతాయి, అటు కారులోనో ఆటోలోనో వెళ్తే ఇరుక్కుపోతాం. ఎగ్మోర్‌లో తాంబరం వైపు లోకల్ ఎక్కి మాంబళంలో దిగాం. 2023లో అక్కడి నుంచి ఉస్మాన్ రోడ్డు వైపు ఆకాశ వంతెన కట్టారు, పైన కప్పు ఉంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మ కూడా మెల్లగా, తడవకుండా నడిచింది. ఆ తర్వాత అయిదంతస్తుల చీరల కొట్లో సాయంత్రమైందీ తెలియలేదు. కొన్నవి రెండే చీరలు. బాబుకు మాత్రం విసుగొచ్చింది, పిల్లలుంటే రెండు గంటలకు మించి అక్కడ పెట్టుకోకండి.

శనివారం మ్యూజియం. నేనీ నాలుగు మాటలు రాయడానికి కారణం ఇదే.

1851లో మొదలైన మ్యూజియం ఇది, పాంథియన్ రోడ్డులో ఉంది. ఒక్క భవనం కాదు, పెద్ద ఆవరణలో చాలా భవనాలు, కాబట్టి గొడుగు చేతిలో ఉండాలి. టికెట్ కొనగానే చాలామంది కంచు విగ్రహాల వైపు వెళ్తారు. మేం ముందు ప్రధాన భవనంలో కింది అంతస్తుకు వెళ్లాం. అమరావతి బౌద్ధ స్తూపం రాళ్లు అక్కడే ఉన్నాయి.

అమ్మ పుట్టిల్లు అమరావతి పక్కనే ఉన్న ధరణికోట. అమరావతిలో స్తూపం ఉన్న దిబ్బను అక్కడి పాతవాళ్లు దీపాలదిన్నె అనేవారు, అమ్మ ఇప్పటికీ అదే అంటుంది. చిన్నప్పుడు ఆ దిబ్బ మీద ఆడుకున్న మనిషి, ఆ రాళ్ల ముందు నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఏమే, ఇవన్నీ మన దిన్నెవేనా? ఇంత దూరం ఎవరు మోసుకొచ్చారు?" అంది చివరికి.

నాకు తెలిసినంత చెప్పాను. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతి ఊరు కట్టించే రోజుల్లో దిబ్బ తవ్వి రాళ్లు, ఇటుకలు తీసుకెళ్లారు. ఆ సంగతి విని ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ 1797లో వచ్చి చూశాడు. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసుకు చేరాయి. వాటిలో వందకు పైగా 1859లో లండన్‌కు ఓడెక్కాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 1880ల్లో జరిగిన తవ్వకాల్లో దొరికినవి చాలావరకు మద్రాసులోనే ఉండిపోయాయి. దొరలు వీటిని పాలరాళ్లన్నారు గానీ ఇది మన పల్నాటి సున్నపురాయి. మసక వెలుతురులో లేత ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది.

ఒక గుండ్రటి ఫలకం దగ్గర బాబు అరగంట కదల్లేదు. బుద్ధుడి మీదికి వదిలిన నలగిరి అనే మదపుటేనుగు కథ అది. ఒక పక్క ఏనుగు మనుషుల్ని తొక్కుతూ, తొండంతో విసిరేస్తూ వస్తుంటుంది. జనం చెల్లాచెదురవుతుంటారు, పైన మేడల్లో నుంచి ఆడవాళ్లు తొంగి చూస్తుంటారు. ఇంకో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. ఒకే ఏనుగును రెండుసార్లు ఎందుకు చెక్కారని అడిగాడు వాడు. "ముందు జరిగిందీ, తర్వాత జరిగిందీ ఒకే బొమ్మలో చెప్పార్రా" అంటే, మళ్లీ మొదటి నుంచి వేలు గాల్లో తిప్పుతూ చూశాడు. దీనికంటే పాత చెక్కడాల్లో బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు. ఖాళీ సింహాసనం, చెట్టు, చక్రం, పాదముద్రలే ఆయన. ఆ పాదాలకు వంగి మొక్కుతున్న నలుగురు ఆడవాళ్ల వీపుల వంపు చూస్తే, రాయి అనే మాటే మర్చిపోతాం. వాళ్లను చూసి అమ్మ కూడా చేతులు జోడించింది.

కంచు విగ్రహాల భవనంలో తిరువాలంగాడు నటరాజు, తిరువెంకాడు అర్ధనారీశ్వరుడు ఉన్నారు, రెండూ చోళుల కాలం నాటివి. అవి కూడా గొప్పవే, కానీ అప్పటికి అమ్మ కాళ్లు అలిసిపోయాయి, మా కళ్లూ నిండిపోయాయి. వీలుంటే దానికి వేరే పూట పెట్టుకోండి. పక్కనే ఉన్న కన్నెమరా గ్రంథాలయం 1896లో తెరిచింది. దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం కాపీ పంపాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో ఇదొకటి, కాబట్టి తెలుగు పుస్తకాలూ చేరతాయి. పుస్తకాలంటే ఇష్టమున్నవాళ్లకు అదొక్కటే ఒక రోజు పడుతుంది.

ఆదివారం కొట్టూర్‌పురంలో బిర్లా ప్లానిటోరియం. ప్రదర్శన తమిళంలో, ఇంగ్లిష్‌లో వేర్వేరుగా ఉంటుంది, ఇంగ్లిష్ ఆట ఎప్పుడో ముందే కనుక్కుని వెళ్లాలి. చీకట్లో వెనక్కి వాలి నక్షత్రాలు చూడటం బాబుకు నచ్చింది, అమ్మ హాయిగా నిద్రపోయింది. తర్వాత దగ్గర్లోనే ఉన్న అణ్ణా శతజయంతి గ్రంథాలయంలో పిల్లల విభాగానికి వెళ్లాం. పెద్దవాళ్లు నడుం వాల్చడానికి కాదు గానీ, కూర్చోవడానికి మంచి చోటు. మాల్స్ మాత్రం మేం అసలు పెట్టుకోలేదు, వాటి కోసం చెన్నై దాకా రానక్కర్లేదు. పైగా వేళచ్చేరి లాంటి పల్లపు చోట్ల నీళ్లు నిలిస్తే తిరిగి రావడమే టెన్షన్.

రాత్రి బండికి ఎగ్మోర్ నుంచి మెట్రో ఎక్కాం. సెంట్రల్ పక్క స్టేషనే. రైలెక్కి సర్దుకున్నాక బాబు నా ఫోన్ అడిగి అందులో ఏనుగు ఫలకం ఫోటో తెరిచాడు, పెద్దది చేసి అమ్మమ్మకు చూపిస్తూ కూర్చున్నాడు.