గూగుల్ ఎన్‌గ్రామ్ వ్యూయర్‌లో వ్యాకరణం మార్పు ఎంతవరకు కనిపిస్తుంది?

పాత రూపం ఎప్పుడు వెనకబడి కొత్తది నిలదొక్కుకుందో చూసుకోవడానికి ఉచితంగా దొరికే ఆన్‌లైన్ పనిముట్లలో నేను ముందు చెప్పేది గూగుల్ ఎన్‌గ్రామ్ వ్యూయర్ పేరే. 2010లో వచ్చింది. స్కాన్ చేసిన పుస్తకాల్లో ఒక మాట గానీ, అయిదు మాటల దాకా ఉన్న పదబంధం గానీ ఏ ఏడు ఎంత శాతం ఉందో గీత గీసి చూపిస్తుంది. ఇంగ్లిష్, ఫ్రెంచ్, జర్మన్, రష్యన్ లాంటి కొన్ని భాషలే ఉన్నాయి. తెలుగు లేదు. ‘వచ్చుచున్నాడు’ ఎప్పుడు ‘వస్తున్నాడు’ అయిందో ఇందులో వెతకలేం. అది పెద్ద లోటే.

మాటకు మాట పోటీ అయితే చక్కగా పనిచేస్తుంది. ఇంగ్లిష్‌లో ‘కాలింది’ అనడానికి వాడే ‘బర్న్‌ట్’, ‘బర్న్‌డ్’ తీసుకోండి. ఊరికే రెండు గీతలు పక్కపక్కన పెడితే చాలదు. నిప్పు గురించిన రాతలు పెరిగిన ఏడాది రెండూ కలిసి లేస్తాయి. ఏటవాలు గీత వాడి ‘బర్న్‌డ్’ని రెండింటి మొత్తంతో భాగించి, అంతటినీ బ్రాకెట్లలో పెట్టండి. అప్పుడు వాటా తేలుతుంది. అమెరికా, బ్రిటన్ పుస్తకాలను విడివిడిగా చూడాలి. గీతను నున్నగా చేసే ‘స్మూతింగ్’ మామూలుగా 3 ఉంటుంది, అంటే ఏడేళ్ల సగటు. 0 పెడితేనే అసలు ఎగుడుదిగుళ్లు కనబడతాయి.

తడబాటు వాక్యనిర్మాణం దగ్గర. ఇల్లు కడుతున్నారు అనడానికి ఒకప్పుడు ‘ద హౌస్ ఈజ్ బిల్డింగ్’ అనేవారు. ‘ఈజ్ బీయింగ్ బిల్ట్’ 19వ శతాబ్దంలో పుంజుకుంది. కొత్తదాని గీత శుభ్రంగా వస్తుంది. పాతదాని కోసం ‘ఈజ్ బిల్డింగ్’ అని వెతికితే ‘హీ ఈజ్ బిల్డింగ్’ కూడా అందులోనే కలిసిపోతుంది. క్రియ అని ట్యాగ్ (మాట ఏ రకమో చెప్పే గుర్తు) తగిలించినా లాభం లేదు, రెండు చోట్లా అది క్రియే. ‘హౌస్ ఈజ్ బిల్డింగ్’ అని కర్తతో సహా వెతకాలి. అక్కడా ఓ చిక్కుంది: 1800కి ముందు అచ్చులో మాట మధ్య ‘ఎస్’ని పొడుగ్గా వేసేవారు, స్కాన్‌ను చదివే యంత్రం దాన్ని చాలాసార్లు ‘ఎఫ్’గా చదివేస్తుంది. ‘హౌస్’ కాస్తా ‘హౌఫ్’ అవుతుంది. ఆ రూపాన్నీ కూడిక గుర్తుతో కలపండి.

20వ శతాబ్దానికి మాత్రం మొత్తం ఇంగ్లిష్ కాక కథాసాహిత్యం విభాగం కూడా చూడండి. మొత్తంలో శాస్త్రగ్రంథాలు బాగా పెరిగిపోయాయి, ‘ఈజ్ బీయింగ్ బిల్ట్’ లాంటి కర్మణి వాక్యాల లెక్క వాటి వైపు ఒరుగుతుంది. ఇక గీత సున్నా మీద ఉంటే ఆ రూపం లేదని కాదు. కనీసం 40 పుస్తకాల్లో లేనిదాన్ని అసలు లెక్కలోకే తీసుకోరు.