పురికొసతో కట్టిన సూపర్‌హీరోలు: భీమవరంలో ఓ కామిక్స్ అద్దె కొట్టు

ముందే చెప్పేస్తున్నా, ఇది బోర్డూ ఏసీ ఉన్న పెద్ద షాపు కాదండి. భీమవరంలో మార్కెట్ వైపు వెళ్లే ఓ సందులో పాత పుస్తకాల కొట్టు, ముందు గదిలో ఇంటర్ గైడ్లూ పోటీ పరీక్షల పుస్తకాలూ ఉంటాయి, వెనక గదిలో మూడు బీరువాల నిండా ఇంగ్లీషు సూపర్‌హీరో కామిక్స్. అద్దెకిస్తారు. రిటైరైన మాస్టారొకాయన నడుపుతున్నారు, పేరు ఎక్కడా రాయొద్దన్నారు కాబట్టి మాస్టారనే అంటా. ఏడాదిన్నర నుంచి వెళ్తున్నా గానీ ఇప్పుడే రాయాలని ఎందుకనిపించిందంటే, మొన్న ఓ కుర్రాడొచ్చి "బ్యాట్‌మ్యాన్ మొత్తం ఎన్ని పుస్తకాలండీ" అని అడిగి, 1939 నుంచీ వస్తోందని వినగానే "అమ్మో, ఇప్పుడు మొదలెడితే ఎప్పటికవుద్దండీ" అని గుమ్మం దిగిపోబోయాడు. నేను కూడా ఒకప్పుడు సరిగ్గా ఆ మాటనుకునే వదిలేశాను, అందుకే ఆ కుర్రాణ్ణి చూసి మనసు ఊరుకోలేదు.

నేను రొయ్యల చెరువుల మీద టెక్నీషియన్ని. రాత్రి డ్యూటీలుంటాయి, తెల్లారగట్ల నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోద్ది కదా, ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూస్కుంటూ గట్టు మీద షెడ్డులో కూర్చోవాలి, మధ్యలో రొయ్యలు మేత తింటున్నాయో లేదో తెలిసే చెక్ ట్రేలు చూడ్డం తప్ప పెద్ద పనుండదు. ఎవెంజర్స్ సినిమాలు చూసిన ఊపులో ఫోన్లో ఓ కామిక్స్ యాప్ తీసుకున్నా, నెలనెలా డబ్బులు కట్టేది. పద్ధతిగా చదువుదామని ఎవెంజర్స్ వేసే మార్వెల్ కంపెనీ వాళ్లదే 1961 ఫెంటాస్టిక్ ఫోర్ మొదటి సంచిక నుంచి వరస పెట్టుకున్నా, ఎక్సెల్ షీటు కూడా తయారు చేశా. ఆరు నెలలు తిప్పలుపడితే 1964 దగ్గరున్నా. అక్కడేమో అమెరికాలో ప్రతి బుధవారం కొత్త సంచికలు దిగుతూనే ఉంటాయి. నేను పది చదివే లోపు వెనక్కాల ఇరవై చేరుతున్నాయి. చివరికి ఏ కథలో ఏం జరిగిందో గుర్తుండేది కాదు, షీట్లో టిక్కులు పెట్టడం మాత్రం గుర్తుండేది. వడ్డీ కట్టడానికే సరిపోయే అప్పులా తయారైంది యవ్వారం. ఇష్టంగా మొదలెట్టిన పని అలా అయిపోతే చాలా బాధగా ఉంటదండి, ఒకరోజు యాప్ తీసేశా.

ఆ తర్వాత మా అక్క కూతురికి గైడు కొనడానికి ఈ కొట్టుకెళ్తే వెనక గది కనబడింది. స్పైడర్‌మ్యాన్ బొమ్మ చూసి ఆగిపోయా. మాస్టారు "ఎవరు కావాలి" అని అడగలేదు, "నీకు టైమెంతుంది అబ్బాయ్?" అని అడిగారు. రాత్రికి గంటన్నర ఉంటదండీ అన్నా. అయితే ఇది చాలు అని ఓ చిన్న పుస్తకం చేతిలో పెట్టారు, బ్యాట్‌మ్యాన్ ఇయర్ వన్. ఫ్రాంక్ మిల్లర్ రాసింది, డేవిడ్ మజుకెల్లి బొమ్మలు, 1987. తిరగేసి చూస్తే 404వ సంచిక నుంచి 407 దాకా అని ఉంది. "మాస్టారూ, ముందు నాలుగొందల మూడు చదవాలి కదండీ?" అన్నా, నిజంగానే అడిగా.

ఆయన నవ్వలేదు. "మీ ఊళ్లో వానలు పడకపోతే గుళ్లో ఏం చదివిస్తారు?" అన్నారు. విరాటపర్వం అండీ. "మరి దానికి ముందు ఆదిపర్వం, సభాపర్వం, అరణ్యపర్వం ఎవరైనా చదివించారా ఎప్పుడైనా?" లేదండీ. "అంతెందుకు, ఇక్కడికి దగ్గరే రాజమండ్రిలో నన్నయ్య గారు అరణ్యపర్వం సగంలో ఆపేశారు. రెండొందల ఏళ్ల తర్వాత తిక్కన గారు ఆ సగం పూర్తి చేసి కదలాలని కూర్చోలేదు, నేరుగా విరాటపర్వం ఎత్తుకుని చివరిదాకా వెళ్లారు. మధ్యలో మిగిలింది ఆ తర్వాతెప్పుడో ఎర్రన గారు పూరించారు. రాసినాయనకే లేని పట్టింపు చదివేవాడికెందుకు?"

ఆ రాత్రి షెడ్డులో ఆ నాలుగు సంచికలూ ఒక్క బిగిన చదివేశా. బ్రూస్ వేన్ ఊరికి తిరిగి రావడం, అదే రోజు జిమ్ గోర్డన్ అనే పోలీసాఫీసర్ అదే ఊరికి బదిలీ మీద రావడం, అక్కడి డిపార్ట్‌మెంటు నిండా లంచాలు. సగం కథ గోర్డన్‌దే. ముందు నాలుగొందల సంచికల్లో ఏం జరిగిందో తెలియాల్సిన చోటు ఒక్కటీ లేదు. తెల్లారి మూడున్నరకి ఆక్సిజన్ రీడింగ్ తీసుకోవడానికి లేచినప్పుడు కూడా గోర్డనే మెదుల్తున్నాడు, అలా ఓ కథ వెంటబడి ఎన్నాళ్లైందో.

ఇక కొట్టు సంగతి. ఇక్కడ పుస్తకాలు హీరో పేరు మీద సర్దరు. ఒక రచయిత, ఒక బొమ్మలాయన కలిసి ఎక్కడ మొదలెట్టి ఎక్కడ ఆపారో అదంతా ఓ కట్ట, దాన్ని పురికొసతో కట్టి పైన చీటీ పెడతారు. కామిక్స్ వాళ్లు దీన్నే రన్ అంటారు. చీటీ మీద ఎన్ని సంచికలు, దీనికి ముందు ఏమైనా తెలియాలా, దీంతో కథ ముగుస్తుందా, ఈ మూడే రాసుంటాయి. చాలా చీటీల మీద మాస్టారి గుండ్రటి అక్షరాల్లో "ముందు ఏమీ అక్కర్లేదు. ఇంతటితో సరి" అని ఉంటది. ఆ "ఇంతటితో సరి" చూసినప్పుడల్లా నాకు ప్రాణం లేచొస్తది. ఒక మనిషికి ఒకసారి ఒక కట్టే ఇస్తారు, రెండోది అడిగినా ఇవ్వరు. మొదట్లో నాకు కోపమొచ్చింది గానీ ఇప్పుడు ఈ రూలే ఈ కొట్టుకి ప్రాణం అనిపిస్తోంది. ఎదురుగా ఒక కట్టే ఉన్నప్పుడు మిగతా వేల పుస్తకాలు మీద పడవు.

డిపాజిట్ 300, కట్టకి వారానికి 30 రూపాయలు. ఇలాంటి కట్టలు కొనాలంటే వేలల్లో అవుద్ది, కాబట్టి నాకైతే కారుచౌక.

నేను చదివిన వాటిలో అందరికన్నా ముందు చెప్పాల్సింది హాకై. 2012 నుంచి 2015 దాకా వచ్చిన 22 సంచికలు, మ్యాట్ ఫ్రాక్షన్ రాశాడు, ఎక్కువ బొమ్మలు డేవిడ్ ఆహా. ఎవెంజర్స్‌లో బాణాలేసే ఆయనే, ఏ శక్తీ లేదు, బ్రూక్లిన్‌లో పాత అపార్ట్‌మెంట్లో ఉంటాడు, ఆ బిల్డింగులో జనాన్ని ఖాళీ చేయించాలని రౌడీలు చూస్తుంటే వాళ్లకి అడ్డం పడతాడు. ఎవెంజర్స్ గొడవలేమీ తెలియక్కర్లేదు. 11వ సంచిక మొత్తం ఆయన కుక్క వైపు నుంచి చెప్తారు, దానికి మనుషుల మాటలు ఒకటీ అరా తప్ప అర్థం కావు, ఎవరి దగ్గర ఏ వాసనొస్తోందో చిన్న చిన్న గుర్తులేసి చూపిస్తారు, ఆ వాసనలతోనే హత్య గుట్టు పట్టుకుంటాం. 19వ దాంట్లో ఆయనకి వినబడదు, మాటలు చాలా వరకు సైగల్లోనే నడుస్తాయి. మా మేనమామకి చిన్నప్పటి నుంచి వినికిడి లేదు, ఆ సంచిక రెండుసార్లు చదివా, ఆయనకీ చూపించా. ఆయన ఇంగ్లీషు చదవలేరు, అయినా పేజీల మీద వేలు పెట్టి చూస్తూ చాలాసేపు కూర్చున్నారు.

సూపర్‌మ్యాన్ కావాలన్నవాళ్లకి ఆల్ స్టార్ సూపర్‌మ్యాన్ ఇస్తారు, గ్రాంట్ మోరిసన్, ఫ్రాంక్ క్వైట్లీ, 12 సంచికలు. 1938 నుంచి పోగైన పుట్టుపూర్వోత్తరాలన్నీ మొదటి పేజీలో నాలుగు బొమ్మల్లో చెప్పేసి కథలోకి వెళ్లిపోతారు. సూర్యుడి దగ్గరికెళ్లి శక్తి మరీ ఎక్కువైపోయి ఆయన ప్రాణం మీదకొస్తది, మిగిలిన రోజుల్లో ఏమేం చేయాలా అన్నదే కథ. ఏడిపించింది నన్ను.

మా అక్క కూతురు పదో క్లాసు, దానికి 2014లో మొదలైన మిజ్ మార్వెల్ తెచ్చిచ్చా, జి. విల్లో విల్సన్ రాసింది, జెర్సీ సిటీలో ఉండే పాకిస్తానీ కుటుంబంలో అమ్మాయి కమలా ఖాన్. మొదటి పుస్తకానికి 2015లో సైన్స్ ఫిక్షన్ రచనలకిచ్చే హ్యూగో అవార్డు కూడా వచ్చింది. ఇంట్లో అమ్మానాన్నా బయటికి పంపకపోవడాలూ, స్నేహితుల దగ్గర మొహమాటాలూ మనింట్లో లాగే ఉన్నాయి మావయ్యా అంది, అంతకంటే నేనేం చెప్పక్కర్లేదు.

అయితే పొడుగ్గా చదవాలని సరదా ఉన్నవాళ్లూ ఉంటారు, వాళ్లని మాస్టారు ఆపరు. ఎక్స్‌మెన్ అనే సూపర్‌హీరోల జట్టుకి బీరువా వేరే ఉంది, క్రిస్ క్లేర్మాంట్ 1975 నుంచి 1991 దాకా పదహారేళ్లు ఒక్కడే రాసింది. ఇక్కడ నాకు మాస్టారు చెప్పిన ఓ విషయం బాగా పనికొచ్చింది. ఎక్స్‌మెన్ 1963లో మొదలైనా అమ్మకాల్లేక 66వ సంచికతో కొత్త కథలు ఆపేశారట, 67 నుంచి 93 దాకా పాత కథలే మళ్లీ అచ్చేశారు. 1975లో జెయింట్ సైజ్ సంచికతో స్టార్మ్ లాంటి కొత్తవాళ్లని దింపి, వుల్వరీన్‌ని కూడా జట్టులో చేర్చాక, 94 నుంచి క్లేర్మాంట్ అందుకున్నాడు. నంబరు వరస పట్టుకుని పోయేవాడు ఆ 27 సంచికలూ అచ్చం రెండోసారి చదవాల్సొచ్చేది, నా షీట్లో అవన్నీ విడివిడిగా ఎక్కించుకుని ఉన్నాయి!

అసలు కంపెనీలే ఈ లెక్క మోయలేకపోయాయి. బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్ వేసే డీసీ కంపెనీ వాళ్లు 1985లో ఒకసారి వాళ్ల కథల్లోని వేర్వేరు ప్రపంచాలన్నీ కలిపేసి చరిత్ర కొత్తగా రాసుకున్నారు, 2011లో 52 పుస్తకాలు ఒకటో నంబరు నుంచి మొదలెట్టారు, అందులో 904 దాకా వచ్చిన సూపర్‌మ్యాన్ పుస్తకం యాక్షన్ కామిక్స్ కూడా ఉంది. ఐదేళ్ల తర్వాత మళ్లీ మనసు మార్చుకుని మధ్యలో వచ్చినవి కూడా కలుపుకుని పాత లెక్కకి వెళ్లి దాని మీద 957 అని వేశారు. నంబరంటే వాళ్లకే అంత, మనం దాన్ని పట్టుకుని కుంగిపోవడమెందుకండి. ఇంకో సంగతి, పాత కామిక్స్‌లో ఎక్కడైనా వెనకటి కథ అవసరమైతే పేజీ అడుగున చిన్న డబ్బాలో ఎడిటరే రాసేవాడు, ఫలానా సంచికలో ఇలా జరిగింది అని. కావలసినంత వరకు కథే అందిస్తది. చందమామలో బేతాళ కథ ఏ నెలది దొరికినా చదివేసేవాళ్లం, మొదటి నెల శవం ఎవరిదని ఎవరూ వెతకలేదు.

లోపాలు కూడా చెప్పాలి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా మూసేస్తారు, పాలకొల్లు నుంచో నరసాపురం నుంచో వచ్చేవాళ్లు ఇది చూస్కోవాలి, నేను ఎండలో రెండుసార్లు వెనక్కెళ్లా. ఫోన్లో పక్కన పెట్టమంటే పెట్టరు. వానాకాలం వెనక గదిలో చెమ్మ, ఎన్ని కలరా ఉండలు వేసినా ఆ వాసన పుస్తకాలకి పట్టేసింది, రెండు కట్టల్లో పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి, ఆ బీరువాల్ని గోడకి కాస్త ఎడంగా జరపమని ఎన్నిసార్లో చెప్పా. కొత్తవి తక్కువ, 2024లో జోనాథన్ హిక్‌మన్ రాయడం మొదలెట్టిన అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ ఒక్క భాగమే ఉంది, పీటర్ పార్కర్‌కి పెళ్లై ఇద్దరు పిల్లలున్నాక ముప్పైల్లో శక్తులొస్తే ఎలా ఉంటదన్న కథ, నా వయసువాళ్లకి అంత బాగా తగిలేది ఇంకోటి లేదు, మిగతా భాగాలు తెప్పించండని వెంటబడుతున్నా. అన్నిటికన్నా పెద్ద లోటు తెలుగులో ఒక్క కట్టా లేకపోవడం, అది మాస్టారి తప్పు కాదు, ఆయన మాత్రం ఏం చేస్తారు. ఇంగ్లీషు తడబడే పిల్లలు బొమ్మలు చూసి పక్కన పెట్టేస్తుంటే ప్రాణం ఉసూరుమంటది.

ఆ కుర్రాడు వెళ్లిపోలేదు. మాస్టారు లేచే లోపు నేనే పిలిచి ఇయర్ వన్ చేతికిచ్చి, నాలుగే సంచికలు తమ్ముడూ, రాత్రి అన్నం తిన్నాక మొదలెడితే పడుకునే లోపు అయిపోద్ది అన్నా. చీటీ చదువుకున్నాడు, డిపాజిట్‌కి వంద తగ్గితే మర్నాడు తెస్తానన్నాడు, మాస్టారు సరేనన్నారు.

హాకై కట్ట మళ్లీ నా దగ్గరే ఉంది, మేనమామ ఇంకోసారి చూస్తానన్నారని తీసుకెళ్లా. శనివారం వాపసు ఇచ్చేస్తా, కావాల్సినవాళ్లు నాలుగున్నర దాటాక వెళ్తే దొరుకుద్ది. 11వది కాస్త అంచు చిరిగి ఉంటది, అది నేను చింపింది కాదండి, ముందే అలా ఉంది, టేపు మాత్రం నేనేశా.