పండగ సినిమాకి పిల్లల్ని తీసుకెళ్లాలా? థియేటర్ అంకె, ఓటీటీ అంకె: ఏది మేలు?

దసరా దాటిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం. ముందురోజు జరిగే తొలేళ్లకే చుట్టాలు దిగిపోతారు. సంబరం అయిన మర్నాడు పెద్దలకి ఒళ్లు నొప్పులు, పిల్లలకి సినిమా గోల. ఆరేళ్ల పాప, పదకొండేళ్ల పిల్లాడు, పదో తరగతి కుర్రాడు, ముగ్గురికీ ఒకే సినిమా కావాలి. దసరాకి వచ్చిన పెద్ద హీరో సినిమా పోస్టర్ మూల చూస్తే ‘యూఏ 16+’ అని ఉంటుంది. ‘‘పిల్లల్తో ఎందుకమ్మా, ఓటీటీలోకి వచ్చాక ఇంట్లోనే చూద్దాం’’ అంటుంది పిన్ని. ‘‘యూఏయే కదా, ఏటవుద్ది’’ అంటాడు బావ, అప్పటికే ఫోన్లో సీట్లు చూసుకుంటూ.

ఇద్దరి మాటలోనూ సగం సగం నిజముంది. థియేటర్ సినిమాకి వయసు తేల్చేది మనం సెన్సార్ అని పిలిచే కేంద్ర ఫిల్మ్ సర్టిఫికేషన్ బోర్డు. ఓటీటీలో ఉన్నదానికి వయసు వేసుకునేది ఆ ఓటీటీ సంస్థే. రెండుచోట్లా అంకెలు ఒకటే: 7+, 13+, 16+, ఆపైన ఎ. అంకె ఒకటైనా దాని వెనకున్న మనుషులు, పద్ధతి వేరు.

ముందు బోర్డు సంగతి. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద ఎన్నో ఏళ్లు ఉన్నవి రెండే రకాలు, అందరికీ యూ, పెద్దలకి ఎ. మధ్యలో, పెద్దల మార్గదర్శనంతో పిల్లలు చూడొచ్చనే యూఏ వచ్చింది 1983లో. ఆ యూఏ అప్పట్నుంచీ గోనె సంచిలా అయింది, ఏది పట్టకపోతే అది అందులో పడేసేవాళ్లు. చిన్న కుటుంబ కథకీ యూఏయే, తలలు తెగిపడే యుద్ధానికీ యూఏయే. 2016లో దర్శకుడు శ్యామ్ బెనగళ్ కమిటీ దీన్ని 12+, 15+గా విడదీయమంది. చివరికి 2023 సవరణ చట్టంతో 7+, 13+, 16+ అని మూడు ముక్కలయింది, 2024లో కొత్త నియమాలూ వచ్చాయి. నా లెక్కలో ఇది ఆలస్యంగా జరిగిన మంచి పని.

ఇక్కడ బావ మాట నిజమయ్యే చోటు ఒకటుంది. యూఏ పక్కన అంకె కన్నవాళ్లకి చెప్పే సలహా మాత్రమేననీ, దాన్ని అమలు చేయాల్సింది తల్లిదండ్రులు, సంరక్షకులే తప్ప ఇంకెవరూ కాదనీ చట్టమే రాసింది. అంటే ఆరేళ్ల పాపని 16+ సినిమాకి తీసుకెళ్లినా గేటు దగ్గర ఆపాల్సిన పని థియేటర్ వాళ్లకి లేదు. ఎ విషయం అలా కాదు. పద్దెనిమిది నిండనివాళ్లకి ఎ సినిమా చూపిస్తే చట్టం ఒప్పుకోదు, చూపించినవాళ్ల మీద చర్య తీసుకోవచ్చు. చట్టంలో అలా రాసి ఉన్నా మన ఊళ్లలో ఏం జరుగుతుందో తెలిసిందే. టికెట్ చించే మనిషి ‘‘ఏటి బాబూ, గుంటడికి పద్దెనిమిది నిండినాయా?’’ అంటే, ‘‘ఆఁ, నిండిపోనాయి’’ అంటాడు వెంట వచ్చిన మావయ్య. మొదటి రోజు ఫ్యాన్స్ షోకి ఆ మాత్రం ప్రశ్న కూడా ఉండదు.

సరే, ఆ అంకె వేసేదెలా? నిర్మాత ప్రాంతీయ కార్యాలయానికి దరఖాస్తు పెడతాడు. తెలుగు సినిమాలకి మామూలుగా అది హైదరాబాద్. బోర్డు అధికారి ఒకరు, సలహా ప్యానెల్ నుంచి కొందరు సభ్యులు కలిసి సినిమా చూస్తారు. అందులో ఆడవాళ్లు తప్పనిసరి. చూసినవాళ్లు ఏ సర్టిఫికెట్ ఇవ్వాలో, ఏం తీసేయాలో చెబుతారు. నచ్చకపోతే నిర్మాత సినిమాని మళ్లీ చూసే రివైజింగ్ కమిటీకి వెళ్లొచ్చు. ఆ పైన ఒకప్పుడు అప్పీలు ట్రైబ్యునల్ ఉండేది. 2021లో దాన్ని ఎత్తేశాక ఇక హైకోర్టే దిక్కు.

ఈ ఏర్పాటులోనే నిలకడ లేకపోవడానికి కారణం కనిపిస్తుంది. ప్రతి సినిమానీ చూసేది అదే నలుగురు కాదు. సినిమాని ముక్కలుగా కాక మొత్తంగా చూసి, దాని ప్రభావాన్ని బట్టి తేల్చమని మార్గదర్శకాలు చెబుతాయి. మాట బాగుంది. కానీ ‘మొత్తం ప్రభావం’ అనేది కొలబద్ద కాదు, అభిప్రాయం. ఈరోజు కూర్చున్నవాళ్లకి అతి అనిపించింది, వచ్చే వారం కూర్చునేవాళ్లకి పౌరుషం అనిపించొచ్చు. ఈ తగువు కొత్తది కాదు. దర్శకుడు కె.ఎ.అబ్బాస్ తన డాక్యుమెంటరీకి యూ రాలేదని సుప్రీంకోర్టు దాకా వెళ్లింది ఇందుకే. 1970 తీర్పులో కోర్టు ముందస్తు సెన్సార్‌ని సమర్థించింది, దానితోపాటు మార్గదర్శకాలు ఇంకా స్పష్టంగా ఉండాలనీ చెప్పింది. యాభై ఏళ్లు దాటినా మనం ఆ మాటే అంటున్నాం.

ఉదాహరణకి ‘బాహుబలి 2’. మన దగ్గర యూఏ. పసిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని చూశారు జనం. అదే సినిమాకి సింగపూర్ ఎన్‌సీ16 ఇచ్చింది, అంటే పదహారు నిండనివాళ్లకి ప్రవేశమే లేదు. రాజుల కాలం యుద్ధం, కత్తితో తల తెగితే అది మనకి పురాణంలా అనిపిస్తుంది, కళ్లు అప్పగించి చూస్తాం. సింగపూర్ వాళ్లు పురాణాన్ని పక్కనపెట్టి తలని మాత్రమే చూశారు. తప్పెవరిదంటే చెప్పలేను. అయితే అదే హీరో చేసిన ‘సలార్’కి మన బోర్డే ఎ ఇచ్చినప్పుడు, తెగిన తలలు ఎక్కడ పురాణం, ఎక్కడ హింస అన్నది సామాన్య ప్రేక్షకుడికి ఎలా తెలియాలి?

ఇంకో కారణం డబ్బు. ఎ వచ్చిన సినిమాని టీవీలో అలాగే వేయకూడదు. కోతలు పెట్టి మళ్లీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. పండక్కి కుటుంబాలూ రావు. అందుకే నిర్మాత బేరానికి దిగుతాడు. ఈ రెండు షాట్లు తీసేస్తాం, ఆ బూతు మ్యూట్ చేస్తాం, యూఏ ఇవ్వండి అని. ఇది లంచం కథ కాదు, పద్ధతే అలా ఉంది. కానీ ఫలితం చూడండి. మ్యూట్ చేసిన బూతు పెదవుల మీద కనిపిస్తూనే ఉంటుంది, దాని చుట్టూ ఉన్న ఇరవై నిమిషాల నరుకుడు మాత్రం కదలదు. మాటల్ని తీసేయడం సులువు, కథలో ఉన్న కసిని తీసేయడం కష్టం. అందుకే మన దగ్గర బూతుకి ఒక తూకం, రక్తానికి ఇంకో తూకం.

ఇక పిన్ని మెచ్చిన ఓటీటీ. 2021 ఐటీ నియమాల ప్రకారం వాళ్లే తమ సినిమాలకి, సిరీస్‌లకి వయసు వేసుకోవాలి. హింస, భాష, నగ్నత్వం, మత్తుపదార్థాలు, ఏముంటే అది మొదట్లోనే రాయాలి. 13+ నుంచి పైవాటికి పేరెంటల్ లాక్ పెట్టాలి, ఎ వాటికి వయసు సరిచూసే ఏర్పాటు ఉండాలి. ఇందులో నాకు బాగా నచ్చింది ఆ రాసే ముక్కే. పోస్టర్ మీద ‘16+’ అంటే ఎందుకో తెలియదు. ఓటీటీలో ‘హింస, ఆత్మహత్య ప్రస్తావన’ అని కనిపిస్తే మా ఇంట్లో దేనికి భయపడాలో నాకు తెలుస్తుంది. కొందరు పిల్లలకి రక్తం ఏమీ కాదు, అమ్మ చనిపోయే సీన్ మాత్రం వారం రోజులు నిద్ర పట్టనివ్వదు. అంకెలో అది ఉండదు.

లోపమూ అక్కడే. సరుకు అమ్మేవాడే సరుకు తూస్తున్నాడు. థియేటర్‌లో మ్యూట్ చేసిన మాట కొన్నిసార్లు ఓటీటీలో శుభ్రంగా వినిపిస్తుంది. లాక్ ఉన్నా ఇంటిల్లిపాదికీ ఒకే ప్రొఫైల్, దాని పాస్‌వర్డ్ పిల్లాడికే కంఠతా. ‘నాన్నా, ఇది ఎలా తెరవాలో చెప్పు’ అని మనమే వాడిని పిలుస్తాం.

ఒక విషయంలో మాత్రం ఓటీటీదే పైచేయి. వయసు తప్పు వేశారనిపిస్తే ప్రేక్షకుడు నేరుగా ఫిర్యాదులు చూసే వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయొచ్చు, 15 రోజుల్లో తేల్చాలి. బోర్డు సర్టిఫికెట్ మీద అప్పీలు దారి దరఖాస్తు పెట్టిన నిర్మాతకి మాత్రమే. యూఏ మరీ ఎక్కువైంది అని నిర్మాత వెళ్తాడు. తక్కువైంది అని వెళ్లే తల్లికి అక్కడ కుర్చీ లేదు.

బయటి దేశాల్లో రెండు పద్ధతులు చూస్తే మనకి ఏం కావాలో కొంత తేటపడుతుంది. అమెరికాలో 1968 నుంచి సినిమా పరిశ్రమే రేటింగ్ నడుపుతోంది, పిల్లలున్న తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి. ప్రభుత్వ ముద్ర లేదు. వాళ్లకి లెక్కలంటే ఇష్టం. ఒక పెద్ద బూతు ఒక్కసారి తిట్టుగా వస్తే పీజీ-13 (పదమూడు లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులకి హెచ్చరిక) దక్కొచ్చు, అంతకు మించితే మామూలుగా ఆర్ (పదిహేడు లోపువాళ్లకి పెద్దల తోడు ఉండాలి). దీనికి నిలకడ ఉంది, బుద్ధి లేదు. తుపాకీ కాల్పులకి అలాంటి లెక్కేమీ లేదు మరి! బ్రిటన్‌లో సినిమాలకి వయసు వేసే సంస్థ, 1912 నుంచి ఉన్న బీబీఎఫ్‌సీ దారి వేరు. వాళ్లూ అంచనాతోనే తేలుస్తారు. కాకపోతే కొన్నేళ్లకోసారి వేలమంది జనాన్ని అడిగి మార్గదర్శకాలు తిరగరాస్తారు, ప్రతి సినిమాకీ ఆ రేటింగ్ ఎందుకిచ్చారో వివరంగా జనం ముందు పెడతారు. 12ఏ అంటే పన్నెండు నిండని పిల్లల పక్కన పెద్దవాళ్లు ఉండి తీరాలి. ఆ షరతు థియేటర్ గేటు దగ్గర పనిచేస్తుంది.

నన్ను అడిగితే పద్ధతిగా మేలైనది బ్రిటన్‌దే. రెండు సినిమాలకి రెండు అంకెలు రావడం నాకు పెద్ద తప్పుగా కనిపించదు. ఎందుకొచ్చాయో చెప్పకపోవడమే తప్పు. కారణం రాసి ఉంటే నేను ఒప్పుకోకపోయినా నా పిల్లల మటుకు నేను తేల్చుకోగలను. బోర్డు ప్రతి పోస్టర్ మీదా అంకె పక్కన నాలుగు మాటల కారణం వేయిస్తే చాలు, సగం గొడవ తీరిపోతుంది.

అంతవరకూ మన ఇంటి ముగ్గురికీ నా లెక్క ఇది. ఎ అని ఉంటే పదో తరగతి కుర్రాడికి కూడా వద్దు. ఇక్కడ బోర్డు మాటే గట్టిది, ఎందుకంటే నిర్మాత ఇష్టపడి తీసుకునే సర్టిఫికెట్ కాదది. ఎంత బేరమాడినా తగ్గక ఎ మిగిలిందంటే లోపల నిజంగా సరుకుందనే. 16+ అయితే పెద్దకుర్రాడు బావతో థియేటర్‌కి వెళ్లొచ్చు. పదకొండేళ్లవాడికి ఓటీటీలో వచ్చేదాకా ఆగడం మేలు. అక్కడ పెద్దవాళ్లు ముందు ఒకసారి చూసి, అవసరమైన చోట ముందుకి తోసేయొచ్చు. 13+ అయితే వాడిని తీసుకెళ్లొచ్చు, అప్పటికే చూసొచ్చిన వాళ్లని ‘ఫైట్లు ఎలా ఉన్నాయి’ అని కాకుండా ‘పిల్లలు ఏడ్చిన చోటు ఉందా’ అని అడిగాక.

ఆరేళ్ల పాపకి మాత్రం 7+ అయినా థియేటర్ తొందరపాటే. ఇందులో రక్తం కంటే సౌండ్ ముఖ్యం. కొత్తగా మార్చిన సౌండ్ సిస్టంలో ఇంటర్వెల్ ఫైట్ మొదలైతే ఆ వయసు పిల్లలు రెండు చెవులూ మూసుకుని అమ్మ పొట్టలో తల దూర్చేస్తారు. ఏ బోర్డూ, ఏ దేశంలోనూ ఆ మోతకి వయసు వేయదు. ఇంట్లో అయితే రిమోట్ మన చేతిలో ఉంటుంది.

ఓటీటీ దారి పట్టేవాళ్లు ఈ రాత్రే పిల్లల ప్రొఫైల్ వేరుగా పెట్టి, పెద్దల ప్రొఫైల్‌కి పిన్ వేయండి. పుట్టినరోజు అంకెలు మాత్రం పెట్టకండి. పదకొండేళ్లవాడు మొదట కొట్టి చూసేది అవే.