థండర్‌బర్డ్‌లో ప్రోటాన్ మెయిల్: బ్రిడ్జ్ పనికొస్తుందా?

విశాఖ ద్వారకానగర్‌లో మాది చిన్న ట్యాక్స్ ఆఫీసు. క్లయింట్ల పాన్ కార్డులు, ఫారం 16లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ మెయిల్లోనే వస్తాయి. వాటిని మెయిల్ కంపెనీ కూడా తెరిచి చదవలేని చోట ఉంచాలని ప్రోటాన్ మెయిల్‌కి మారాను. అయితే 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటు జనరేటర్‌తో తెచ్చుకోగలిగాం గానీ నెట్ లేక పాత మెయిల్ ఒక్కటీ చూసుకోలేకపోయాం. అప్పటి నుంచి నా కంప్యూటర్లో ఒక కాపీ ఉంటేనే నాకు ధైర్యం. అందుకే ప్రోటాన్ వాళ్ల బ్రిడ్జ్ అనే ప్రోగ్రామ్ పెట్టుకుని, కొన్నేళ్లుగా మెయిల్స్‌ని కంప్యూటర్లోకి దింపుకుని చదివే థండర్‌బర్డ్ అనే ప్రోగ్రామ్‌లోనే పని చేసుకుంటున్నాను.

ప్రోటాన్ సర్వర్లో మెయిల్స్‌కి తాళం వేసి (అంటే ఎన్‌క్రిప్ట్ చేసి) ఉంటుంది కాబట్టి థండర్‌బర్డ్, అవుట్‌లుక్ లాంటివి దాన్నుంచి నేరుగా మెయిల్ తెచ్చుకోలేవు. బ్రిడ్జ్ మన కంప్యూటర్లోనే చిన్న సర్వర్‌లా నడుస్తూ, వచ్చినవాటికి తాళం తీసి ఇస్తుంది, వెళ్లేవాటికి వేసి పంపుతుంది.

సెట్టింగులు ఒకసారి జాగ్రత్తగా చేస్తే చాలు. సర్వర్ పేరు దగ్గర 127.0.0.1 (అంటే మన కంప్యూటరే), మెయిల్ తెచ్చుకునే ఐమ్యాప్‌కి పోర్ట్ 1143, మెయిల్ పంపే ఎస్‌ఎంటీపీకి పోర్ట్ 1025. పాస్‌వర్డ్ మాత్రం మనం రోజూ లాగిన్ అయ్యేది కాదు, బ్రిడ్జ్ తనే తయారు చేసి చూపించేది. సర్వర్ అసలైనదేనని చూపే సర్టిఫికెట్ మీద హెచ్చరిక వస్తే మా ఆఫీసు అమ్మాయి భయపడి, "సార్, ఇది ఒప్పుకోవచ్చా?" అని అడిగింది. ఆ సర్టిఫికెట్ మన మెషీన్లోనే తయారైంది కాబట్టి ఇక్కడ ఒప్పుకోవచ్చు. బయటి సర్వర్ పేరుతో అలాంటి హెచ్చరిక వస్తే మాత్రం ఒప్పుకోకూడదు. ఇంకొకటి, అన్ని ఫోల్డర్ల మెయిల్స్ మళ్లీ కనిపించే 'ఆల్ మెయిల్' ఫోల్డర్‌ని థండర్‌బర్డ్‌లో అన్‌సబ్‌స్క్రైబ్ చేసేయండి. లేకపోతే ప్రతి మెయిలూ రెండుసార్లు డౌన్‌లోడ్ అవుతుంది.

నాకు బాగా కలిసొచ్చింది వెతుకులాట. జూలైలో రిటర్నుల హడావుడిలో ఎవరో ఫోన్ చేసి "పోయినేడాది పంపిన హోమ్ లోన్ సర్టిఫికెట్ ఉందా అండీ" అంటే, ఫోన్ పెట్టేలోపే తీసి చూపించగలుగుతున్నాను.

బ్రిడ్జ్ ఉచిత ఖాతాకి రాదు, డబ్బు కట్టాలి. విండోస్, మ్యాక్, లినక్స్‌లలో నడుస్తుంది, ఫోన్లో నడవదు. బ్రిడ్జ్ ఆపేస్తే థండర్‌బర్డ్‌లోకి కొత్త మెయిల్ రాదు. మొదటి సింక్‌కి, అంటే పాత మెయిల్స్ అన్నీ దింపుకోవడానికి, చాలాసేపు పడుతుంది, రాత్రి ఆన్ చేసి వదిలేయడం మేలు. సబ్జెక్ట్ లైన్‌కి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఎవరూ చదవలేని తాళం) ఉండదు, అందుకే అక్కడ పాన్ నంబర్ రాయొద్దని క్లయింట్లకి చెబుతుంటాను. జీమెయిల్ నుంచి పంపినవాళ్ల దగ్గర వాళ్ల కాపీ ఎలాగూ ఈ తాళం లేకుండా మామూలుగానే ఉంటుంది.

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది హార్డ్ డిస్క్ గురించి. థండర్‌బర్డ్ దింపుకున్న మెయిల్స్ డిస్క్ మీద తాళం లేకుండా, ఎవరైనా చదవగలిగేలా ఉంటాయి. సర్వర్లో ఎంత భద్రంగా ఉన్నా, ల్యాప్‌టాప్ పోయి ఎవరి చేతిలోనైనా పడితే అన్నీ వాళ్లు చదివేసినట్టే. అందుకని బ్రిడ్జ్ పెట్టేముందే విండోస్‌లోని బిట్‌లాకర్ లాంటిదానితో మొత్తం డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేయండి. దాని రికవరీ కీని (మామూలుగా తెరుచుకోకపోతే డిస్క్ తెరవడానికి వాడే నంబరు) కాగితం మీద రాసి ఇంట్లో బీరువాలో పెట్టండి, ల్యాప్‌టాప్ బ్యాగులో కాదు.