నిలిచిపోని నీలం: ఫిస్కే–సుబ్బారో పేపరు, చాలా ఏళ్లు వాడిన మీదట

1925, జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ, 66వ సంపుటం, 375వ పేజీ. భాస్వరంతో పని పడిన ల్యాబు మనిషికి ఈ అంకెలు నోటికి వచ్చేస్తాయి. సైరస్ ఫిస్కే, భీమవరంలో పుట్టి హార్వర్డ్ చేరిన మన యల్లాప్రగడ సుబ్బారావు (పేపర్లలో సుబ్బారో) కలిసి, భాస్వరాన్ని నీలం రంగుతో కొలిచే పద్ధతి గురించి రాసిన పేపరు ఇది. పది వేలకు పైగా పరిశోధన పత్రాల్లో దీని ప్రస్తావన ఉంది. కానీ ప్రస్తావించినవాళ్లలో ఆ 26 పేజీలూ చదివినవాళ్లు ఎంతమందన్నది నా అనుమానం. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి, రంగు ఎంతసేపట్లో వస్తుందన్న లెక్క, ప్రాక్టికల్ రికార్డుల్లో "పది నిమిషాలు ఆగి రీడింగు తీయవలెను" అన్న ఒక్క ముక్కగా మిగిలింది.

సూత్రం ఒక్క ముక్కలో: ఆమ్లంలో ఫాస్ఫేట్ మాలిబ్డేట్‌తో కలుస్తుంది, ఆ కలిసినదాన్ని క్షయకరణం చేస్తే నీలం వస్తుంది, నీలం ఎంత ముదిరితే భాస్వరం అంత. అంతకుముందు బెల్, డాయిజీ క్షయకరణానికి వాడిన హైడ్రోక్వినోన్ రంగును నింపాదిగా తెచ్చేది. దాని స్థానంలో వీళ్లు అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం, ల్యాబు భాషలో ఏఎన్ఎస్ఏ, పెట్టారు. నిమిషాల్లో నీలం వచ్చేస్తుంది. పేపరుకు ఇంత పేరు తెచ్చింది ఈ ఒక్క సీసాయే.

ఆ సీసా తయారీ ఇలా: 15 శాతం సోడియం బైసల్ఫైట్ ద్రావణం 195 మి.లీ., అందులో ఏఎన్ఎస్ఏ 0.5 గ్రాము, ఆపైన 20 శాతం సోడియం సల్ఫైట్ 5 మి.లీ. బాగా కలిపినా పొడి కరగకపోతే సల్ఫైట్‌ను ఒక్కో మి.లీ. చొప్పున మాత్రమే పెంచాలి, ఒకేసారి గుమ్మరించకూడదు. వడగట్టి గోధుమరంగు సీసాలో పోసుకుంటే నెల దాకా నిలుస్తుంది. స్టాండర్డుకి, అంటే భాస్వరం ఎంతుందో ముందే తెలిసిన ద్రావణానికి, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.351 గ్రాము తూచి లీటరుకి చేస్తే మి.లీ.కి 80 మైక్రోగ్రాముల భాస్వరం వస్తుంది. అందులోంచి 5 మి.లీ. తీసి 10 శాతం ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లంతో 100 మి.లీ.కి పెంచితే మి.లీ.కి 4 మైక్రోగ్రాములు. నీళ్లతో పెంచితే టెస్టులో ఉన్న ఆమ్లం స్టాండర్డులో ఉండదు, పోలిక అక్కడే చెడుతుంది.

సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) 1 మి.లీ.కి అదే ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం 9 మి.లీ. కలిపి, పది నిమిషాలు ఉంచి వడగట్టాలి. మూడు ట్యూబుల్లోనూ 5 మి.లీ.ల చొప్పున: టెస్టులో వడగట్టిన ద్రవం, స్టాండర్డులో పైన చేసుకున్నది, బ్లాంకులో వట్టి ఆమ్లం. ప్రతి ట్యూబుకీ 2.5 శాతం అమోనియం మాలిబ్డేట్ 1 మి.లీ., నీళ్లు 3.6 మి.లీ., చివర ఏఎన్ఎస్ఏ 0.4 మి.లీ. మాలిబ్డేట్‌ను ఇక్కడ 3 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించాలి. 5 నార్మల్‌లో చేసింది ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం లేని నమూనాలకి. ఈ రెండు సీసాలూ తారుమారైతే రంగు పలచబడుతుంది, తప్పు ఎక్కడుందో వెతకడానికి ఒక పూట పోతుంది. ట్యూబుకీ ట్యూబుకీ మధ్య అరనిమిషం ఎడం పెట్టి, అదే వరుసలో, అదే ఎడంతో, రంగు ముదురును కొలిచే కలరీమీటరులో 660 నానోమీటర్ల దగ్గర చదవాలి. బ్లాంకు తీసేసి టెస్టును స్టాండర్డుతో భాగించి 4తో గుణిస్తే డెసిలీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో వస్తుంది. పెద్దవాళ్లకి 2.5 నుంచి 4.5 మామూలు, ఎదిగే పిల్లలకి ఇంకాస్త ఎక్కువ.

బ్లాంకే నీలంగా తేలితే మొదట అనుమానించాల్సింది గాజుసామాను. సబ్బుపొడిలో ఫాస్ఫేట్ ఉంటుంది, పంపునీళ్లతో ఎన్నిసార్లు కడిగినా గోడలకి అంటుకునే ఉంటుంది. పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఒకసారి, డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడగాలి. ఈ పనికి వాడే ట్యూబులు వేరే స్టాండులో ఉంచుకోవాలి. గాజు శుభ్రంగా ఉన్నా బ్లాంకు నీలమే అయితే ఆమ్లం తక్కువైనట్టు. అప్పుడు ఫాస్ఫేట్ లేకుండానే మాలిబ్డేట్ తనంతట తాను క్షయకరణం చెందుతుంది. ఈడీటీఏ, సిట్రేట్, ఆక్సలేట్ ఉన్న రక్తపు సీసాలు పనికిరావు, అవి మాలిబ్డేట్‌ను పట్టేసుకుంటాయి. ఎర్రకణాలు పగిలిన సీరం, గడ్డ మీద పూటంతా వదిలేసిన సీరం తప్పుడు ఎక్కువ చూపిస్తాయి. కణాల లోపల ఉన్న సేంద్రియ ఫాస్ఫేట్ బయటికొచ్చి విడిపోతుంది కనక. గంటలోపే సీరం వేరుచేయాలి.

ఇక అసలు సంగతి. సీరంతో చేసినప్పుడు నీలం తొందరగా వచ్చి, తర్వాత కొద్దికొద్దిగానే ముదురుతుంది. కండరం నుంచి తీసిన ద్రవంతో చేస్తే అలా ఉండదు. మొదట కొంత రంగు వస్తుంది, ఆగదు, నిమిషం నిమిషానికీ పెరుగుతూ పోతుంది. రీడింగు పది నిమిషాలకి ఒకటి, పదిహేనుకి ఒకటి. కొత్తగా చేసేవాళ్లు రీఏజెంట్ పాడైందనుకుని పారబోస్తారు. ఫిస్కే, సుబ్బారావు అలా వదిలెయ్యలేదు. ద్రావణంలో రంగును ఆలస్యం చేస్తున్నది ఏమిటని వెతికారు. తీరా చూస్తే అది ఆటంకం కాదు. ఫాస్ఫేట్ క్రియాటిన్ అనే కండర పదార్థంతో కట్టుబడి ఉంది, ఆ కట్టు ఆమ్లంలో తేలిగ్గా తెగుతుంది, మాలిబ్డేట్ ఆ తెగడాన్ని ఇంకా తొందరపెడుతుంది. తెగిన కొద్దీ నీలం పెరుగుతోంది. అంతవరకు కండరంలోని 'అకర్బన ఫాస్ఫేట్' అని కొలుస్తూ వచ్చినదాంట్లో పెద్ద భాగం నిజానికి ఫాస్ఫోక్రియాటిన్ అని 1927లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. ఆ ఏడాదే ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు ఇదే పదార్థాన్ని ఫాస్ఫాజెన్ పేరుతో పట్టుకున్నారు. కండరం పనిచేస్తే ఇది తరుగుతుంది, విశ్రాంతిలో మళ్లీ నిండుతుంది. కండర బలానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని గట్టిగా నమ్ముతున్న రోజుల్లో వచ్చిన మాట ఇది. కణాలు శక్తి కోసం వాడుకునే ఏటీపీని 1929లో జర్మనీలో లోమన్, అమెరికాలో వీళ్లిద్దరూ విడివిడిగా వెల్లడించారు. దానికీ ఈ భాస్వరం కొలతే ఆధారం.

దీన్ని ఏ మామూలు కలరీమీటరు మీదైనా చూడొచ్చు. తాజా కండరాన్ని మంచుగడ్డ మీద చల్లటి ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లంలో నూరి, వెంటనే వడగట్టి, వెంటనే క్షారంతో తటస్థం చేయాలి. ఆలస్యమైతే కట్టు అక్కడే తెగిపోతుంది. దీంట్లోంచి కొలత చేసి పది నిమిషాల దగ్గర ఆపకుండా, నిమిషానికో రీడింగు చొప్పున అరగంట తీసి గ్రాఫు గీయాలి. పక్కనే వట్టి ఫాస్ఫేట్ స్టాండర్డు గీత కూడా గీయాలి. స్టాండర్డు గీత త్వరగా దాదాపు చదునవుతుంది, కండరం గీత ఎక్కుతూనే ఉంటుంది. ఆ ఎక్కే గీతను వెనక్కి సున్నా నిమిషానికి లాగితే అసలు అకర్బన ఫాస్ఫేట్ ఎంతో అంచనాకి వస్తుంది, మిగిలిన పెరుగుదల ఫాస్ఫోక్రియాటిన్‌ది. ఒక్క రీడింగుతో సరిపెట్టుకునేవాళ్లకి ఇది ఎప్పటికీ కనబడదు. బయోకెమిస్ట్రీలో ఇంత చవకగా, ఇంత స్పష్టంగా కంటికి కనిపించే కనుగోలు ఇంకొకటి నాకు తెలియదు.

పైన రీఏజెంట్ నెల నిలుస్తుందన్నాను. ఏసీ లేని గదిలో, మన మే నెలలో, రెండు వారాలకే స్టాండర్డు రీడింగు జారడం మొదలవుతుంది. వారానికోసారి స్టాండర్డు ఒక్కటే పెట్టి చూసుకోవాలి. ఏఎన్ఎస్ఏ పొడి గులాబీ రంగుకో గోధుమరంగుకో తిరిగి ఉంటే కొత్తగా కలిపినా లాభం లేదు, డబ్బానే మార్చాలి. వేగంగా వస్తుందన్నాను, అదీ నిజమే. కానీ ఆ వేగం గది వేడిని బట్టి మారుతుంది, కాబట్టి పొద్దున తీసిన స్టాండర్డుతో మధ్యాహ్నం టెస్టులు లెక్కకట్టకూడదు.

సైటేషన్ల (వేరే పేపర్లలో వచ్చే ప్రస్తావనల) సంగతికొస్తే నాకు కాస్త బాధే. ఏ పేపరును ఎవరు ఉదహరించారో చూపడానికి 1960లలో గార్ఫీల్డ్ మొదలుపెట్టిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అచ్చు సంపుటాల్లో ఉదహరించిన పేపరు మొదటి రచయిత పేరు కిందే ఎక్కేది. అంటే ఈ లెక్కంతా ఫిస్కే కింద. సుబ్బారావు పేరుతో వెతికినవాళ్లకి ఖాళీ. ఇప్పటి డేటాబేసుల్లోనూ ఆయన ఇంటిపేరు ఒకచోట సుబ్బారోగా, ఒకచోట రెండు ముక్కలైన సుబ్బా రోగా ఉంటుంది. నిఖార్సయిన లెక్క కావాలంటే ఉదహరించిన మూలాల వెతుకులాటలో రచయిత ఫిస్కే, పత్రిక పేరు, ఏడాది 1925 ఇచ్చి, సంపుటం, పేజీ ఖాళీగా వదలాలి. పేజీ అంకె తప్పుపడ్డ నమోదులు అప్పుడు బయటపడతాయి, వాటినీ కలుపుకోవాలి.

కలిపినా మొత్తం రాదు. 1959లో బార్ట్‌లెట్ ఇదే ఏఎన్ఎస్ఏను తీసుకుని, ఏడు నిమిషాలు మరగబెట్టి, 830 నానోమీటర్ల దగ్గర చదివే మార్పు చేశాడు. ఫాస్ఫోలిపిడ్లు (భాస్వరం ఉండే కొవ్వులు) కొలిచేవాళ్లు ఆయన్ని ఉదహరించి ఆగిపోతారు. కిట్టు కాగితాల్లో పద్ధతి పేరుంటుంది, పేపరు ఉండదు. సుబ్బారావు లెడర్లీ అనే మందుల కంపెనీలో నడిపించిన పని ఇంకా దూరం: అక్కడ తయారైన అమైనోప్టెరిన్‌తో పిల్లల లుకేమియా తగ్గుముఖం పట్టిందని 1948లో ఫార్బర్ బృందం రాసిన ప్రసిద్ధ పేపరులో రచయితలు ఐదుగురు, అందులో ఆయన లేరు. సైటేషన్లే కొలబద్ద అయితే ఆ మందు ఆయన ఖాతాలో పడదు.

రోజుకి వందల సీరాలు నడిపే ఆసుపత్రికి ఇది నేను చెప్పను. అక్కడ 340 నానోమీటర్ల దగ్గర నేరుగా చదివే పద్ధతిలో రంగు కోసం ఆగక్కర్లేదు. నానోమోళ్లలో ఫాస్ఫేట్ పట్టాల్సిన ఎంజైము పనికి మాలకైట్ గ్రీన్ అనే రంగుతో చేసే పద్ధతి మేలు. రోజుకి ఇరవై ముప్పై ట్యూబులు, పాత కలరీమీటరు, నేర్చుకునే పిల్లలు ఉన్న మాలాంటి చోటుకి ఇదే సరిపోతుంది. ఆ పత్రిక పాత సంపుటాలు ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి. థీసిస్‌లో ఈ పేరు రాసేవాళ్లు ఒకసారి తెరిచి చదవండి. బార్ట్‌లెట్ మార్పు వాడితే బార్ట్‌లెట్‌నూ, 1925 పేపరునూ రెండూ రాయండి.